తలుపున్న బొమ్మ

సుక్రుని కోర్టుకి తీసుకెళ్ళే జీపు నాలుగింటికి బయల్దేరుతుంది. గోడ గడియారం రెండూ పది చూపిస్తోంది. మిగిలిన నూటపది నిమిషాల్లో తొంభై తనకే కావాలన్నట్టు ప్రొఫెసర్ దేవీప్రసాద్ గొంతు సవరించుకున్నారు.

డిటెక్టివ్ జయశ్రీ కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని కూర్చుంది. పెళ్ళిలో పురోహితుడు లావుపాటి పుస్తకం తీసినప్పుడు చుట్టాలు సర్దుకుని కూర్చున్నట్టు.

కేసు రెండు ముక్కల్లో అయిపోయేదే. అరకులో గణపతిరావు గారి కాఫీ తోటలో గిరి కళాభవనం అని ఒక బొమ్మల మ్యూజియం ఉంది. అందులో అన్నిటికన్నా పేరున్నది కనక అనే ఆవిడ వేసిన సవర గిరిజన బొమ్మ. చెక్క పలక మీద ఎర్రమట్టి అలికి, బియ్యప్పిండి నీళ్ళతో చదరంగా ఒక ఇల్లు గీసి, ఇంటినిండా మనుషుల్నీ నెమళ్ళనీ ఒక ఏనుగునీ ఒక సైకిలునీ నింపింది. సోమవారం పదకొండింటికి పెద్దలంతా ఆ బొమ్మ చూసి కనకకి శాలువా కప్పాలి. ఆదివారం రాత్రి బొమ్మ మాయమైంది. సోమవారం తొమ్మిదింటికల్లా ఎస్సై వెంకటరమణ దాన్ని పట్టుకున్నాడు. ఎక్కడంటే, మ్యూజియం వాచ్‌మన్ సుక్రు గదిలో. సుక్రు కనకకి అల్లుడు. అల్లుడు గదిలో అత్త బొమ్మ దొరికాక ఇంక ఆలోచించడానికి ఏముందని ఎస్సై ఆలోచించడం మానేశాడు.

గణపతిరావు సోమవారం పొద్దున్న ఏడింటికి కంగారులో వైజాగ్ ఫోన్ చేసి జయశ్రీని కుదుర్చుకున్నాడు. తొమ్మిదింటికి బొమ్మ దొరికాక, రావద్దని చెప్పడం మర్చిపోయాడు. ఆవిడ మంగళవారం రైలు దిగి వచ్చేసరికి కేసు అయిపోయింది, భోజనం మాత్రం మిగిలి ఉంది. తినేసి వెళ్ళిపోవచ్చు. కానీ వస్తూ వస్తూ గేటు దగ్గర కల్వర్టు మీద గొడుగు వేసుకుని కూర్చున్న ఒక ముసలామెని చూసింది. ఆమె కనక. సోమవారం శాలువా కోసం వచ్చిన మనిషి, ఇప్పుడు అల్లుడి కోసం కూర్చుంది. లోపలికి రానివ్వడం లేదు.

ఇంక కావలసింది ఒక్క సంతకం. దొరికిన బొమ్మ అసలుదే అని నిపుణుడు రాసిస్తే రిపోర్టు పూర్తవుతుంది, సుక్రు లోపలికి వెళ్తాడు. ఆ నిపుణుడే దేవీప్రసాద్. నెల రోజులుగా మ్యూజియం గెస్టు గదిలోనే మకాం.

బల్ల మీద బొమ్మ. బొమ్మ పక్కన టీ గ్లాసులు, ఒక బిస్కెట్ల ప్లేటు. పకోడీలకి ప్లేటు చాలక గణపతిరావు కేటలాగు పుస్తకాల మీదే పెట్టించాడు.

"శుక్రవారం వైజాగ్ ప్రెస్ నుంచి ఐదొందలు తెప్పించానండి. అట్ట మీది ఫోటో కోసం ప్రొఫెసర్ గారే బొమ్మని వైజాగ్ తీసుకెళ్ళి, ఆరు రోజులు ఉంచి తెచ్చారు. ప్రారంభమే జరగలేదు. ఏం చేస్తాం, ఇలా అయినా పనికొస్తున్నాయి" అన్నాడు.

"ఒక చిత్రాన్ని చూడ్డానికి చాలా మార్గాలున్నాయి" అన్నారు దేవీప్రసాద్. "నేను నాలుగు మార్గాల్లో వెళ్తాను."

"నాలుగూ నాలుగింటిలోపల తేలిపోతాయా సార్?" అన్నాడు ఎస్సై, పెన్ను తీసి.

"మొదటిది రూపం. కథ వద్దు, గీసిన మనిషి వద్దు. గీత, రంగు, ఖాళీ. అంతే. చూడండి, ఇంటి చుట్టూ మూడు వరసల అంచు. కింద కుడివైపు బెత్తెడు మేర అంచు లేదు. గీత అక్కడ ఆగి, మళ్ళీ మొదలవుతుంది. ఈ ఖాళీయే చిత్రానికి ఊపిరి. నకలు గీసేవాడు దీన్ని కంగారులో మూసేస్తాడు."

ఎస్సై రాసుకున్నాడు: ఖాళీ ఉంది. అంచేత అసలుది.

ప్రొఫెసర్ ఫోను బల్ల మీద గుర్రుమంది. ఆయన చూసి, బోర్లా పెట్టారు.

"రెండోది జీవిత దృష్టి. కనక భర్త పోయిన ఏడాది వేసిన బొమ్మ ఇది. ఆ ఖాళీ భర్త లేని లోటు."

గణపతిరావు చిన్నగా దగ్గాడు. "గాసి ఉన్నాడండి. మొన్న శుక్రవారం సంతలో అల్లం అమ్ముతున్నాడు. నేనే కొన్నాను."

"ఉండడం వేరు, ఉనికి వేరు" అన్నారు ప్రొఫెసర్, తడుముకోకుండా.

ఎస్సై 'భర్త లేడు' అని రాసి, కొట్టేసి, 'భర్త అల్లం' అని రాసి, అది కూడా కొట్టేశాడు.

"మూడోది వర్గ దృష్టి. ఈ అంచు భూస్వామి కంచె. ఖాళీ, కూలివాడు దాన్ని తెంచిన చోటు. ఈ ఏనుగు తొండం మధ్యలో మాసిపోయి ఉంది చూశారా? కూలిపోతున్న రాచరికం."

నలభై ఎకరాల గణపతిరావు ఇబ్బందిగా కదిలాడు. "నా తోట కంచెకి కూడా అదే మూల కన్నం ఉందండి. మేకలు."

"నాలుగోది మనోవిశ్లేషణ. ఇల్లు అంటే తల్లి గర్భం. అప్పుడు ఈ ఖాళీ ఏమవుతుంది?"

ఎస్సై పెన్ను ఆగిపోయింది. "సార్, ఇది రాయాలా?"

"రాయండి. శాస్త్రం."

"మా మేజిస్ట్రేట్ గారు ఆడవారండి."

"అయితే ద్వారం అని రాయండి."

ఎస్సై ఊపిరి పీల్చుకుని ద్వారం అని రాశాడు. ఫోను మళ్ళీ గుర్రుమంది. జయశ్రీ లెక్కపెడుతోంది. ఇరవై ఐదు నిమిషాల్లో తొమ్మిదోసారి. ఒక్కసారీ ఎత్తలేదు. ఊరికే మాట్లాడ్డానికి ఇంత ఇష్టపడే మనిషి ఫోనులో మాట్లాడడానికి భయపడుతున్నాడంటే అవతల ఎవరో వినడానికి ఇష్టపడని మనిషి ఉండాలి.

"స్త్రీవాద దృష్టి మిగిలిపోయింది ప్రొఫెసర్ గారూ" అంది.

"అది మీ కోసం వదిలాను."

"థాంక్సండీ. నేను మామూలు దృష్టితో చూస్తాను."

ఆవిడ చూస్తున్నది బొమ్మని కాదు, చీమల్ని. కిటికీలోంచి దిగిన చీమల బారు పలక ఎక్కి, ఏనుగు వీపు మీదుగా నడిచి, రెండు నెమళ్ళని దాటి, అవతల పక్క బిస్కెట్ల ప్లేటులోకి దిగుతోంది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళుగా జయశ్రీ పొద్దున్నే వాకిట్లో బియ్యప్పిండి ముగ్గు పెడుతోంది. తొమ్మిదయ్యేసరికి చీమలు అందులో సగం మోసుకుపోతాయి, మిగతా సగం ఎవరి చెప్పులకో అంటుతుంది. అలాంటి చీమలు ఇక్కడ బియ్యప్పిండి ఏనుగుని తొక్కుకుంటూ మైదాపిండి బిస్కెట్టు కోసం వెళ్తున్నాయి. చీమలకి కళ గురించి తెలియకపోవచ్చు. పిండి గురించి తెలుసు.

"కాస్త ముట్టుకుని చూడొచ్చా?"

"ఎవిడెన్సు మేడమ్" అన్నాడు ఎస్సై, ప్లేటు తన వైపు లాక్కుంటూ.

"పోనీ, సుక్రుతో ఒక పావుగంట మాట్లాడతాను. ప్రొఫెసర్ గారు సర్టిఫికెట్ రాసేలోపల వచ్చేస్తాను."

"ఏం మాట్లాడతారు? వాడు అంతా ఒప్పుకున్నాడు. దేవుడిచ్చాడన్నాడు" అని ఎస్సై కాగితం చూపించాడు. నిజంగానే అలా ఉంది. 'బొమ్మ తనకు దేవుడే ఇచ్చాడని ముద్దాయి చెప్పుచున్నాడు.'

రెండూ నలభైకి జయశ్రీ కాఫీ గోదాములో ఉంది. సుక్రు గింజల బస్తా మీద కూర్చున్నాడు. పక్కన కానిస్టేబుల్ భీముడు, కాపలా కన్నా తోడుకే ఉన్నట్టు, గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"అన్నం తిన్నావా సుక్రూ?"

"నాను తిన్నానమ్మా. అదే తినలేదు."

"ఏది?"

"ఆ బొమ్మ. నిన్న పొద్దుట రెండు గింజలెట్టినాను. తరవాత మరెవులెడతారు?"

జయశ్రీ ఆ మాట పక్కన పెట్టుకుంది. అర్థం కాని వాటిని అలా పక్కన పెట్టుకోవడం ఆవిడ అలవాటు. పోపుల డబ్బాలో ఏ గింజో తెలియనిది పారేయకుండా దాచినట్టు.

"ఆదివారం రాత్రి తాళం ఎన్నింటికి వేశావు?"

"ఎనిమిదికమ్మా."

"తాళంచెవులు ఎన్ని?"

"మూడు. ఒకటి నా కాడ, ఒకటి గణపతి బాబు కాడ, ఒకటి ఆ సదువుల సారు కాడ. ఎస్సై బాబు నాదొక్కటే రాసుకున్నాడు."

"తర్వాత?"

"నాలుగున్నరకి సదువుల సారు తలుపు కొట్టినాడు. బేగి నీళ్ళు కాయమన్నాడు. రోజూ తొమ్మిదైతే గానీ లెగడు. సరే, పెద్దోలు గదా అని ఎల్లినాను. బాయిలర్లోకి కర్ర తీత్తంటే మద్దెన పలక తగిలింది. లైటేసి సూసినాను. బొమ్మ. తలుపున్న బొమ్మ."

"తలుపేమిటి?"

సుక్రు ఆవిడ వైపు జాలిగా చూశాడు. ఇంత పట్నం నుంచి వచ్చి తలుపేమిటని అడుగుతోంది పాపం.

"తలుపున్నదాన్ని ఎలాగ కాల్సేత్తానమ్మా? గదిలోకి అట్టుకెల్లి, గోడకి జేరబెట్టి, దీపమెట్టి, గింజలెట్టినాను. పదకొండుకి అత్త ఒత్తాది గదా, ఏటిదని అడుగుదామనుకున్నాను. తొమ్మిదికి ఎస్సై బాబొచ్చేసినాడు. సెప్పినాను. ఇది మా అత్త అమ్మిన బొమ్మ కాదు బాబూ, దేముడి బొమ్మ అన్నాను. అలాగా అని రాసేసుకున్నాడు."

"మరి నీళ్ళు కాశావా?"

"ఏరే కర్రలతో కాసినాను. సారు శాలువా కప్పుకుని వచ్చి పొయ్యి కాడే నిలబడ్డాడు. అంతా కాలిపోనాదా, అడుగున కర్ర కూడా కాలిందా అని రెండు తడవలు అడిగినాడు. సలేమో అనుకున్నాను."

"స్నానం చేశాడా?"

"లేదమ్మా. నీళ్ళు అలాగే సల్లారిపోనాయి. నానే పోసుకున్నాను."

గుమ్మం దగ్గర భీముడు నవ్వు ఆపుకోలేక తల అటు తిప్పుకున్నాడు.

మూడింటికి జయశ్రీ గెస్టు గదుల వెనక బాయిలర్ దగ్గర చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని కర్రలు తీస్తోంది. సుక్రు సాయంత్రం ఆరింటికే మర్నాటి కర్రలు వరసగా పేరుస్తాడు. తడవకుండా పైన రేకు. మొదటి రెండు వరసలు మామూలు కర్రలు. మూడో వరసలో రెండు దుంగల ముక్కు మీద ఎర్రమట్టి రాసుకుపోయి ఉంది, దాని మీద తెల్లటి పెచ్చు. ఆవిడ పెచ్చుని గోటితో లేపి, బకెట్లో నీళ్ళ చుక్క వేసి నలిపింది. బియ్యప్పిండి అయితే ఈపాటికి వేలికి పాలలా అంటాలి. ఇది నలగలేదు, కరగలేదు. ప్లాస్టిక్ పెయింటు. బాత్రూం తలుపుకి వేసేలాంటిది.

తన పొయ్యిలో తానే కాల్చుకోవడానికి ఎవడూ దొంగతనం చెయ్యడు. ఇంకొకడి పొయ్యిలో, ఇంకొకడి చేత కాల్పించడానికైతే చేస్తాడు.

"మేడమ్, మూడూ పదైంది" అంటూ ఎస్సై వచ్చాడు. మసి అంటిన ఆవిడ చేతుల్ని చూశాడు. "ఇది పెళ్ళి సంబంధాల ఎంక్వైరీ కాదండి. మీ ఆఫీసులో ఎక్కువ అవేనట కదా."

"అవేనండి. అక్కడా ఇదే గొడవ. ఫోటో ఒకళ్ళది, పీటల మీద కూర్చునేది ఒకళ్ళు."

"అంటే?"

"ఆ బొమ్మ కనకకి చూపించండి."

"ఆవిడ ముద్దాయి అత్త. ఆవిడ మాట చెల్లదు."

"వేసినావిడ మాట చెల్లదు, నాలుగు రకాలుగా చూసినాయన మాట చెల్లుతుంది."

"ఆయన ప్రొఫెసర్."

"ఆయనకి గుర్తుపట్టడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆవిడకి నాలుగు నిమిషాలు చాలు. మీ జీపు లేటవ్వదు. చూపించలేదనుకోండి, రేపు కోర్టులో ఎవరో ఒక లాయరు చూపించమంటాడు. అప్పుడు మీరు నాలుగో దృష్టి గట్టిగా చదివి వినిపించాల్సి వస్తుంది."

ఎస్సై కాసేపు ఆ దృశ్యాన్ని ఊహించుకున్నాడు. "నాలుగు నిమిషాలు" అన్నాడు.

మూడూ ఇరవైకి కనక ఆఫీసు గది గుమ్మంలో గొడుగు మూసి, చెప్పులు విడిచి, లోపలికి వచ్చింది. ప్రొఫెసర్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేసి పెన్నుకి క్యాప్ పెడుతున్నారు. ఆమెని చూసి లేచారు.

"రామ్మా, కూర్చో. ఇంత గొప్ప బొమ్మ..."

"ఇది నాది కాదు" అంది కనక. కూర్చోలేదు కూడా.

ఎస్సై గడియారం చూశాడు. నాలుగు నిమిషాలు కాదు, నాలుగు క్షణాలు.

"అల్లుడి కోసం అలా అనకూడదమ్మా" అన్నాడు. "అబద్ధమాడితే..."

"అబద్దమేటి బాబూ? ఇది మా ఇంటి గోడ మీదున్నాది. ఎవులో ఫోటో తీసుకెల్లి ఎత్తి రాసేసినారు. ఆ ఏనుగు తొండం సూడు. మా ఆడమేక ఒచ్చి గోడకి రాసుకుంటే అక్కడ సెరిగిపోనాది. ఆ సెరిగిపోనాది కూడా ఒగ్గకుండా రాసేసినాడు, ఎర్రోడు."

జయశ్రీ ప్రొఫెసర్ వైపు చూడలేదు. చూస్తే నవ్వొస్తుంది. గణపతిరావు మాత్రం ఆగలేకపోయాడు. "కూలిపోతున్న రాచరికం" అన్నాడు మెల్లగా, తనలో తాను అనుకుంటున్నట్టు.

"నీ బొమ్మకీ దీనికీ తేడా ఏమిటి కనకమ్మా?" అంది జయశ్రీ.

కనక వేలు కింద కుడి మూలకి వెళ్ళింది. బెత్తెడు ఖాళీ మీద ఆగింది.

"ఇది తలుపు. ఇంట్లో దేముడికేసిన బొమ్మకి తలుపొదుల్తాం. ఆడు రావాల, తినాల, ఎల్లాల. అమ్మిన బొమ్మకి ఒదలం. సుట్టూ మూసేత్తాం. కొన్నోలింట్లో ఆడికి కూడు ఎవులెడతారు? మా అమ్మ కాడి నుంచీ మా ఇంటి పద్దతి. గణపతి బాబుకి ఇదే బొమ్మేసి, మూసేసే ఇచ్చినాను."

ఆ ఖాళీ ఊపిరి కాదు, విధవరాలి లోటు కాదు, కంచె తెగిన చోటు కాదు, ఆ నాలుగోదీ కాదు. ఉత్త తలుపు. కాకపోతే ఎస్సై దాన్ని ఇందాకే ద్వారం అని రాశాడు. తనకి తెలియకుండానే కేసులో ఒక నిజం ముక్క రాసిన మొదటి మనిషి.

దేవీప్రసాద్ తేరుకున్నారు. "గీసినవాళ్ళకి తమ బొమ్మ అర్థం తెలియాలని లేదు. వాళ్ళ ఉద్దేశంతో విమర్శకుడికి పని లేదు. అది కూడా గౌరవనీయమైన పద్ధతే."

"ఐదోది" అన్నాడు ఎస్సై. ఈసారి రాసుకోలేదు.

"ఆవిడ మాట పక్కన పెట్టండి" అంది జయశ్రీ. "గణపతిరావు గారూ, బొమ్మ తీసుకున్న రోజు మీరు ఫోటో దిగలేదా?"

ఆయన ఫోటో దిగకుండా తోటలో కొత్త పైపు కూడా వేయించడు. ఫోను తీసి, కుక్కపిల్లల్నీ గుమ్మడికాయనీ దాటుకుంటూ వెనక్కి వెళ్ళి, చూపించాడు. ఫోటోలో ముప్పాతిక వంతు ఆయనే. వెనక బొమ్మ పైభాగమంతా ఆయన తలకాయ కప్పేసింది. కానీ మోచేతికీ నడుముకీ మధ్య కింద కుడి మూల స్పష్టంగా ఉంది. మూడు వరసల అంచు. ఎక్కడా తెగలేదు.

"నేను అడ్డొచ్చానండి" అన్నాడాయన బాధగా.

"అడ్డు రావాల్సిన చోటే వచ్చారు" అంది జయశ్రీ. ఎస్సై ముందు దుంగ మీది తెల్లటి పెచ్చుని రుమాలులోంచి తీసి పెట్టింది. "ఇది బాయిలర్ కర్రల్లో దొరికింది. నీళ్ళలో కరగడం లేదు. ఆ చీమల్ని కూడా చూడండి, ఇందాకట్నుంచీ ఈ బొమ్మ ఇంట్లోంచి నడుస్తున్నాయి గానీ ఒక్క మనిషినీ కొరకలేదు. బియ్యప్పిండి కాదు."

ఎస్సై వంగి చీమల్ని చూశాడు. మొదటిసారిగా ఆలోచిస్తున్న మనిషి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది. "సరే, దొరికింది నకలు. అయితే ఆదివారం రాత్రి దొంగ అసలు బొమ్మ ఎత్తుకెళ్ళి, నకలు కర్రల్లో పెట్టాడు. అది సుక్రు అయినా కావచ్చు, ఎవరైనా కావచ్చు. దీంట్లో సార్ తప్పేముంది? నకలు చూసి అసలనుకున్నారు. మనమూ అనుకున్నాం."

"ఇవాళ చూసి అనుకుంటే తప్పు లేదు" అంది జయశ్రీ.

పకోడీల కింద నుంచి కేటలాగు లాగి, నూనె మరకల మధ్య నాలుగో పేజీ తీసింది. 'ఖాళీలో ఊపిరి' అని ఒక వ్యాసం. కింద ఆచార్య దేవీప్రసాద్ అని పేరు. చదివింది.

"చిత్రం అడుగున కుడివైపు అంచు తెగిన చోటే ఈ కళాకారిణి ఆత్మ ఉన్నది..." ఆపి, తలెత్తింది. "ఇలా నాలుగు పేజీలు ఉంది. అట్ట మీద ఫోటో వేశారు గానీ, అందం కోసం అంచులు కత్తిరించారు కాబట్టి ఎవరూ పోల్చి చూళ్ళేదు. గణపతిరావు గారూ, ఇవి ఎప్పుడొచ్చాయన్నారు?"

"శుక్రవారమండి."

"దొంగతనం ఆదివారం. శుక్రవారానికే అచ్చయిపోయిన వ్యాసంలో ఈ ఖాళీ ఎలా ఉందండీ ప్రొఫెసర్ గారూ? కనక ఇచ్చిన బొమ్మలో ఖాళీ లేదు. మీరు నాలుగు పేజీలు రాసింది ఈ నకలు గురించి. అంటే ఆదివారానికి ముందే మ్యూజియం గోడ మీద ఉన్నది నకలు. అసలు బొమ్మని ఫోటో తీయించాలని వైజాగ్ తీసుకెళ్ళి, ఆరు రోజులు ఉంచి తెచ్చింది ఎవరో ఇక్కడ అందరికీ తెలుసు."

ఎస్సై చేతిలో సర్టిఫికెట్ ఉంది. దాన్ని ఒకసారి చూసి, ప్రొఫెసర్‌ని చూసి, మళ్ళీ సర్టిఫికెట్‌ని చూశాడు.

"సోమవారం కనక వస్తుంది, చూస్తే ఒక్క క్షణంలో పట్టేస్తుంది. అందుకని ఆదివారం రాత్రి నకలే మాయమవ్వాలి" అంది జయశ్రీ. "కర్రల్లో పెట్టి, నాలుగున్నరకి వేణ్ణీళ్ళు అడిగారు. అడుగున కర్ర కూడా కాలిందా అని రెండుసార్లు అడిగారు. స్నానం మాత్రం చెయ్యలేదు. సుక్రు బొమ్మలో తలుపు చూసి కాల్చలేకపోయాడు. మీరు అదే తలుపు చూసి నాలుగు పేజీలు రాశారు."

"ఇది విమర్శ కాదు, వ్యక్తిగత దూషణ" అన్నారు దేవీప్రసాద్. గొంతు మాత్రం సవరించుకోలేదు.

సరిగ్గా అప్పుడే బల్ల మీద బోర్లా పడున్న ఫోను పద్నాలుగోసారి గుర్రుమంది. ఆయన చెయ్యి వెళ్ళేలోపల ఎస్సై చెయ్యి వెళ్ళింది. స్పీకరు నొక్కాడు.

"ఏంది ప్రొఫెసర్ సాబ్, ఫోన్ ఎత్తరు?" అంది ఒక బొంగురు గొంతు. "మీరు పంపిన మాల్ మా సేఠ్ చూసిండు. సదువుకున్నోడు. మీ పుస్తకం పక్కన పెట్టుకుని చూసిండు. దాంట్లో ఖాళీ ఉంది, ఖాళీల ఆత్మ ఉంది అని రాసినవ్. మాల్ల ఖాళీ లేదు. సుట్టూ బందే. మాకు డూప్లికేట్ అంటగడతవా?"

ప్రొఫెసర్ కళ్ళు మూసుకున్నారు.

"మాట్లాడవేంది? మస్తుగ మాట్లాడతవ్ కదా. సరే, మేమే వస్తున్నం. నలుగురం ఉన్నం. అనంతగిరి దాటి చాలాసేపైంది. నీ మాల్ నీకిచ్చి, మాది మేం తీసుకుంటం. మంచిగ ఇయ్యకపోతే ఎట్ల తీసుకోవాల్నో మాకెరుక."

ఫోను ఆగిపోయింది.

ఆ గదిలో అందరికన్నా ముందు అర్థమైనది జయశ్రీకే, కానీ చెప్పడానికి కాసేపు పట్టింది. నవ్వు రాకుండా పెదాలు బిగపట్టుకోవాల్సి వచ్చింది. "మీరు అసలు బొమ్మే పంపారు" అంది చివరికి. "దాని విలువ పెంచడానికి మీ వ్యాసం కూడా పంపారు. వ్యాసం చదివి వాళ్ళు అసలుదాన్ని నకలని తేల్చారు."

"నా శిష్యుడు" అన్నారు దేవీప్రసాద్ నీరసంగా. "అసలు బొమ్మ వెంటనే ప్యాక్ చేసి పంపేయాల్సి వచ్చింది. నకలు సహజంగా ఉండాలని వాడు కొండెక్కి ఆవిడ ఇంటి గోడ చూసి వేశాడు. నేను వ్యాసం రాసేటప్పుడు నా ముందున్నది అదే." కాస్త ఆగి, ఆశ చావక, "కానీ ఆ ఖాళీ మాత్రం అద్భుతమండి" అన్నారు.

కనకకి ఈ గొడవేమీ పట్టలేదు. ఆమె బొమ్మనే చూస్తోంది. "సుక్రు నిన్న పొద్దుట గింజలెట్టినాడు. ఆ తరవాత ఎవులూ ఏటీ ఎట్టలేదా? రాత్రి ఇది ఎవుల కాడున్నాది?"

"స్టేషన్లో" అన్నాడు ఎస్సై. "నా బల్ల మీద."

కనక ఆయన్ని పైనుంచి కిందకి చూసింది. "తలుపు తీసే ఉన్నాది" అంది. అంతే.

ఎస్సై వెంకటరమణకి రాత్రి రెండింటికి కడుపునొప్పితో లేచిన సంగతి, పొద్దున్న జీపు టైరులో దిగిన మేకు, ఇంకా ఎవరికీ చెప్పని ఒకటి రెండు విషయాలు వరసగా గుర్తొచ్చాయి. "మీకు ఇలాంటివాటి మీద నమ్మకముందా మేడమ్?" అన్నాడు గొంతు తగ్గించి.

"నాకు లేదండి. కానీ అతిథిని ఆకలితో ఉంచడం మా ఇంట్లో కూడా లేదు."

"భీముడూ" అని కేకేశాడు ఎస్సై. "సుక్రుని వదిలెయ్. సంతలోకెళ్ళి ఒక కోడి పట్రా. బేగి."

భీముడు మోటార్ సైకిలు మీద దూసుకుపోయాడు. సుక్రు గోదాములోంచి బయటకొచ్చి, ఎండకి కళ్ళు చికిలించి, అత్తని చూసి, "నీళ్ళు కాయమంటారా?" అని అడిగాడు, ఎవరినీ ప్రత్యేకంగా కాదు. అలవాటు. కనక వెళ్ళి అతని చొక్కా మీది కాఫీ పొట్టు దులిపింది.

నాలుగుకి పది నిమిషాలు. జీపు సిద్ధంగా ఉంది. ఎస్సై, "సార్, మీరు..." అని మొదలుపెట్టేలోపలే దేవీప్రసాద్ గారు సంచీ చంకన పెట్టుకుని, మెట్లు దిగి, జీపు వెనక ఎక్కి, తలుపు తనే లాగి వేసుకున్నారు. లోపల్నుంచి గడియ పడిన చప్పుడు వినిపించింది.

"బేగి పోనివ్వండి" అన్నారు కిటికీలోంచి. మన్యంలో నెల రోజులుండి ఆయన నేర్చుకున్న మాట అదొక్కటే.

పోనివ్వడానికి కుదర్లేదు. గేటు దగ్గర హారన్ మోగింది. ఎత్తైన నల్ల కారు ఒకటి కాఫీ మొక్కల మధ్య దారి మొత్తం ఆక్రమించుకుని లోపలికి వచ్చి, జీపు ముక్కుకి ముక్కు ఆనించినట్టు ఆగింది. నాలుగు తలుపులూ ఒకేసారి తెరుచుకున్నాయి. దిగిన నలుగురిలో ఎవరూ కళాభిమానుల్లా లేరు. ఒకడి చంకలో గోనెగుడ్డ చుట్టిన పలక ఉంది. ఇంకొకడు చొక్కా చేతులు పైకి మడుస్తున్నాడు.

ఎస్సై వెనక్కి తిరిగి తన బలగాన్ని చూసుకున్నాడు. ఉన్న ఒక్క కానిస్టేబులూ కోడి కోసం వెళ్ళాడు. మిగిలింది ఒక గణపతిరావు, ఆయన అప్పటికే ఫోను పైకెత్తి ఫోటో తీస్తున్నాడు, ఒక సుక్రు, మసి చేతుల డిటెక్టివ్.

"జయశ్రీ గారూ" అన్నాడు ఎస్సై. మేడమ్ అనలేదు. "ఇప్పుడేం చేద్దాం?"

ఆవిడ నోరు తెరిచేలోపల కనక గొడుగు తీసుకుని మెట్లు దిగింది. తిన్నగా వెళ్ళి, పలక పట్టుకున్నవాడి ముందు ఆగి, గోనెగుడ్డ కొస ఎత్తి కింద కుడి మూల చూసింది. మూడు వరసల అంచు. ఎక్కడా తెగలేదు.

"ఇదీ నాది" అంది. "ఇలాగియ్యి."

వాడు ఇవ్వలేదు. సుక్రు ఆమె పక్కకి వెళ్ళి నిలబడ్డాడు, బాయిలర్ దగ్గర నుంచి ఒక దుంగ తెచ్చుకుని. జయశ్రీ చీర కుచ్చిళ్ళు మళ్ళీ ఎత్తిపట్టుకుని, మెట్లు దిగింది.